కుక్క కోసం నాకు ఇంటర్వ్యూ

రాయచోటి నుంచి వచ్చి కువైట్‌లో ఒకరింట్లో డ్రైవర్‌గా చేస్తున్నా. ఇంటి యజమానురాల్ని మామా అంటాం. కుక్క కావాల్సిందేనని ఆమె కూతురు మొండికేస్తే, వీధికుక్కల్ని కాపాడే షెల్టర్‌కు పోయినాం. అక్కడ ఒక్క కుక్కకు తొమ్మిది కుటుంబాలు పోటీ.

"రోజూ దీన్ని తిప్పేదెవరు?" అని షెల్టరామె అడిగింది.

మామా నన్ను చూపించింది. ఇక ప్రశ్నలన్నీ నాకే. నేను ఏడో తరగతిలో బడి మానేసిందే ప్రశ్నలు తప్పించుకోడానికి.

ఇంతలో కుక్కను వదిలారు. నాకేమో కుక్కంటే చచ్చేంత భయం. అది నా ఒళ్లోకెక్కి మూతి నాకింది. ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చున్నా.

"మిగతావాళ్లు కేకలేసి దాన్ని బెదరగొట్టారు. ఈయనెంత నెమ్మదో," అంటూ ఆమె కుక్కను మాకే రాసిచ్చింది. పాప గంతులేసింది.

"యల్లా రమణా, పోదాం లేయి," అంది మామా.

"ముందు దీన్ని దింపండి మామా," అన్నా.

భయంతో బిగుసుకుపోయినోడికి కూడా మంచిపేరు వస్తుందని ఆరోజే తెలిసింది. ఆ పేరు నిలబెట్టుకోవడానికే ఇప్పుడు రోజూ పొద్దున దాని వెనక ఉరుకుతున్నా.