హంగేరీ స్వీటు, అమ్మ మసాలా

యూఏఈలోని అల్ ఐన్‌లో నర్సుగా చేరాక నా మొదటి క్రిస్మస్ అది. నాతో పనిచేసే హంగేరీ అమ్మాయి ఇలోనా, బెయ్‌గ్లీ అనే తీపి రొట్టె చుట్ట చేసి డ్యూటీ గదికి తెచ్చింది. కోస్తే లోపల నల్లగా, పలుకులు పలుకులుగా ఉంది.

"మా దేశంలో ఇందులో గసగసాలు కూరతాం" అంది.

ఇక్కడ గసగసాలు మత్తుమందు కింద లెక్క, నిషేధం. విమానం ఎక్కేముందు ఏజెంటు పదేపదే చెప్పిన జాగ్రత్త అదే. అప్పటికే మా హెడ్ నర్సు మార్తక్క ముక్క నోటిదాకా తెచ్చింది.

"అక్కా, తినకండి! జైలే!" అని అరిచి, ఆ ముక్క లాక్కుని, పళ్లెంతో సహా చెత్తబుట్టలో పడేశాను.

ఇలోనా తెల్లబోయింది. "ఇక్కడ అవి వాడకూడదుగా! అక్రోట్లూ ప్లమ్ జామూ పెట్టాను."

"ఖలాస్! ఒక్క ముక్కన్నా ఉంచలేదేంటే తల్లీ!" అని మార్తక్క నెత్తి కొట్టుకుంది.

ఇలోనాకి కోడికూర చేసిపెట్టి క్షమాపణ అడుగుదామని, గదికి రాగానే అమ్మ నా బ్యాగులో పెట్టిన మసాలా డబ్బా తీశాను. ఎందుకో అనుమానమొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"గసగసాలెయ్యకుండా మసాలా ఏంటే, పిచ్చిమొహమా!" అంది.

అంతకుముందు వారమే వార్డంతా లొట్టలేసుకుంటూ తిన్న, అదే మసాలాతో నేను వండిన కోడికూర గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ఎవరి పళ్లెం మీదా నేను చెయ్యి వెయ్యలేదు.