కడుపు వైపు నల్లదారం

ఆ పరిశోధనశాలలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ దారాలమ్మే. దర్జీ కూతురు కదా, తెల్లకోటు జేబులో నల్లదారం ఉండ లేకుండా గడప దాటేది కాదు. ఎలుక చిన్నపేగు బయటికి తీస్తే మూరకి నాలుగు వేళ్లు తక్కువ. ఏ కొస కడుపు వైపుదో, ఏది తోక వైపుదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందుకే ఆవిడ కత్తెర పెట్టకముందే కడుపు వైపు కొసకి ఒక ముడి వేసేది. ఆ తర్వాతే మూడు ముక్కలు. ఇరవై రెండేళ్లలో ఒక్క పేగు కూడా తిరగబడలేదు.

ఆవిడ దగ్గరే కత్తెర పట్టడం నేర్చుకున్న ఒకడు డాక్టరై, చివరికి ఆవిడకే పై అధికారి అయ్యాడు. కొవ్వు మేత పెడితే చిన్నపేగులో ఏ జన్యువులు చురుకవుతాయో, ఏవి మందగిస్తాయో చూడటం అతని పని. మామూలు మేత తిన్న ఎలుకల్ని ఆవిడ కోసింది. కొవ్వు మేత తిన్న ఇరవై ఎలుకల్నీ ఆవిడ సెలవులో ఉన్న రోజు అతనే కోసేశాడు. ముడి వెయ్యలేదు. అదంతా చాదస్తమట!

ఫలితాలు చూసి ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. "బాబూ, నువ్వు కోసినవి తిరగబడ్డాయి."

అందరి ముందూ నవ్వాడు. "దారాలమ్మకి చూపు ఆనడం లేదు. రేపట్నుంచి సీసాలు కడుగుతుంది లెండి."

ఎనిమిది నెలలు కడిగింది. నీళ్లలో నాని వేళ్ల సందులు ఒరిసిపోయాయి గానీ కడుపుమంట చల్లారలేదు. అతను మాత్రం, కొవ్వు తింటే పేగులో జన్యువుల పని మొత్తం తారుమారవుతుందని, అదేదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు చాటుకుంటున్నాడు. డైరెక్టరు దగ్గరికి వెళ్లి చెప్పెయ్యొచ్చు. వెళ్లలేదు. ఎక్కనీ, ఇంకా ఎక్కనీ అనుకుంది. కింది మెట్టు మీంచి పడితే దెబ్బేం తగులుతుంది?

పై ఊళ్ల డాక్టర్లతో హాలు నిండిన రోజు, అతను తన ఫలితాలు చెప్పి ముగించగానే ఆవిడ వెనక వరసలోంచి లేచింది.

"చిన్న సందేహం సార్. పైత్యరసాన్ని తిరిగి పీల్చుకునే జన్యువు పేగు చివర్న కదా గట్టిగా పనిచేసేది? మామూలు ఎలుకల్లో అక్కడే ఉంది. మీ కొవ్వు ఎలుకల్లో మొదట్లో ఉందేం? అవి తోకవైపు నుంచి తిన్నాయా?"

హాలంతా గొల్లుమంది. డైరెక్టరు ఒక్కడే నవ్వలేదు. "ఆ ముక్కలు కోసిందెవరు?"

"దారాలమ్మే అనుకుంటా సార్," అన్నాడు డాక్టరు, తల ఎత్తకుండా.

"కోసినవాళ్ల సంతకం పుస్తకంలో ఉంటుంది సార్. తెప్పించండి," అంది ఆవిడ.

తెప్పించారు. ఇరవై ఎలుకల పక్కనా డాక్టరు సంతకమే. తాడిని తన్నేవాడి తల తన్నేవాళ్లు ఉంటారని ఊరికే అనలేదు.

పని మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ ఇరవై ఎలుకలు. ఆవిడ బల్ల ఆవిడకి దక్కింది. మొదటి పేగు బల్ల మీద పరిచి, దారం ఉండ అతని ముందు పెట్టింది.

"ముడెయ్యి."

వేశాడు.

"వదులుగా ఉంది. విప్పి మళ్లీ వెయ్యి."

నాలుగోసారికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. జాలేమైనా కలుగుతుందేమోనని ఆవిడ ఒక్క క్షణం ఆగి చూసుకుంది. కలగలేదు. ఇంకా పంతొమ్మిది ఎలుకలున్నాయి.