పెన్సిల్వేనియాలో లేగదూడతో తగువు

మొన్న మా మనవరాలు సెలవులకి ఏదో ఫార్మ్‌లో గది బుక్ చేసుకుంటూ, అక్కడ ఆవుల దగ్గర కాసేపు కూర్చుంటే మనసు తేలికపడుతుందట అమ్మమ్మా అని చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. ఆ సంగతి నాకు డెబ్బయ్యో దశకం చివర్లోనే, ఏ డాక్టరూ చెప్పకుండానే తెలిసింది.

పెళ్ళయి న్యూజెర్సీ వచ్చిన రెండో ఏడు, మొదటి గర్భం నిలవలేదు. దాంతో నాకు మాటే కరువైపోయింది, అపార్ట్‌మెంట్‌లో కర్టెన్లు కూడా తీసేదాన్ని కాదు. ఏం చెయ్యాలో తోచక మావారు ఆ వేసవిలో నయాగరా చూపిస్తానని మా పాత కారులో నన్ను బయల్దేరదీశారు. దారి పొడుగునా ఆయన మాట్లాడారు, నేను ఊ కొట్టాను.

పెన్సిల్వేనియా కొండల్లో ఇంజన్ వేడెక్కి ఆవిర్లు కక్కితే, నీళ్ళ కోసం ఓ పాడిరైతు ఇంటి ముందు ఆగాం. మావారూ ఆ రైతూ బానెట్ ఎత్తి చూస్తుంటే నేను కంచె దగ్గర నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో కొంగు లాగినట్టయింది. చూద్దును కదా, నలుపూ తెలుపూ మచ్చల లేగదూడ, నా చీర కొంగు నోట పెట్టుకుని తాపీగా నములుతోంది.

"ఛీ, వదులు! మా అమ్మ పెట్టిన చీరే అది, నీకు గడ్డే దొరకలేదా?" అని కేకలేశాను. అన్ని నెలల తర్వాత నా గొంతు విని మావారు పరిగెత్తుకొచ్చారు.

"దానికి తెలుగు రాదే, ఇంగ్లీషులో తిట్టు," అన్నారు.

నవ్వాను. నవ్వుతూనే ఏడ్చేశాను.

రైతు భార్య అది తల్లి లేని దూడని చెప్పి, పాలసీసా నా చేతికిచ్చింది. అది సీసాని తలతో కుమ్ముతూ తాగి, గరుకు నాలుకతో నా మణికట్టు నాకుతుంటే, మావారితో కూడా చెప్పుకోలేని నా బిడ్డ సంగతి వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడకి చెప్పుకున్నాను. ఆవిడ లోపలికెళ్ళి ఇంకో సీసా తెచ్చిచ్చింది.

అక్కణ్ణుంచి నయాగరా దాకా నేనే వాగుతూ కూర్చున్నాను. ఎనభైల్లో పిల్లలు పుట్టాక కూడా, ఎటు వెళ్ళినా గుర్రమో మేకో కనిపిస్తే కారు ఆపమనేదాన్ని. ఇట్లయితే ఎప్పటికి చేరతామని విసుక్కుంటూనే మావారు బ్రేకు వేసేవారు.

ఇప్పటి కార్లు వేడెక్కవు, పొలాలు కిటికీ పక్కనుంచి సర్రున వెనక్కి పోతాయి. ముక్కూ మొహం తెలియని వాళ్ళ వాకిట్లో నిలబడి నీళ్ళడగాల్సిన అవసరమే ఎవరికీ రావడం లేదు. సుఖమే, కాదనను, కానీ హైవే మీద వెళ్తున్నప్పుడల్లా నాకు మాత్రం ఏదో వెలితిగానే ఉంటుంది.