అగ్గిగుట్ట దీవిల పాతాళగరిగె

దీవిల దిగినప్పుడు టైము 0540. ఓడ నుంచి చిన్న బోటుల, బోటు నుంచి మోకాలిలోతు నీళ్లల్ల, నీళ్లల్లకెళ్లి నల్లరాయి మీదికి. ఇసుక లేదు. కొబ్బరిచెట్టు లేదు. సినిమా పాటలల్ల చూసే దీవి వేరే ఎవరికో పోస్టింగు ఇచ్చిన్రు.

అండమాన్ సముద్రంల అదొక అగ్గిగుట్ట. చల్లారి చాన ఏండ్లయిందని కాయితాల మీద ఉన్నది. ఉత్తరం దిక్కు రాళ్లల్లకెళ్లి ఇంకా గంధకం వాసనొచ్చేది. కాయితం సంగతి గుట్టకు ఎవరూ చెప్పలేదనుకుంట. ఒడ్డు నుంచి ముప్పై అడుగులు పోతే నీళ్లు నీలం. ఇంకో యాభై అడుగులు పోతే నలుపు. పైకి కనబడే దీవి టోపీ మాత్రమే. దాని కింద కిలోమీటరుకు మించిన గుట్ట నీళ్లల్ల నిలబడి ఉన్నది.

మేం ఎనిమిది మందిమి. తొంబై రోజుల డ్యూటీ. మనిషికి ఒక రైఫిలు, తొంబై తూటాలు, ఒక దోమతెర, రెండు జతల బూట్లు. మొదటి రోజు తెల్లారేసరికి నా బూటు ఒకటి లేదు. పీత ఎత్తుకపోయింది. సరిహద్దుల సామాను పోతే శత్రువు అని రాస్తరు. నేను పీత అని రాసిన. మా హవల్దార్ సంతకం పెట్టడానికి రెండు రోజులు ఆలోచించిండు.

హవల్దార్ హర్యానా మనిషి. పోస్టు కమాండర్. హిందీలనే మాట్లాడుతడు. ఇక్కడ తెలుగుల రాస్తున్న, తిట్లు తీసేసిన, అందుకే ఆయన మాటలు పొట్టిగ కనబడుతయి. రేడియో ఆపరేటర్‌ది శ్రీకాకుళం, సముద్రం ఒడ్డు. నాది కనకమామిడి, చేవెళ్ల తొవ్వల. మా ఊరి దిక్కు పోరగాళ్లంత అమీర్‌పేటల కంప్యూటర్ కోర్సులు చేస్తున్న కాలమది. నాకు కంప్యూటర్ రాలేదు, పరుగు వచ్చింది. మిలిటరీల తీసుకున్నరు.

"ఏటి బావూ, మీ ఊళ్లో సముద్రం నేదా?" అన్నడు ఆపరేటర్ మొదటి రోజు, నేను లైఫ్‌జాకెట్ తిరగేసి తొడుక్కున్నది చూసి.

"గండిపేట ఉన్నది."

"అందులో ఏటుంటాది?"

"బోర్డు ఉంటది. ఈత కొట్టరాదు అని."

ఆర్డర్లు మూడు. ఒకటి, పర్మిషన్ లేనిది ఎవరూ దీవి మీద కాలు పెట్టొద్దు. రెండు, పిట్ట, గుడ్డు, తాబేలు, ఏదీ ముట్టొద్దు, ముట్టనియ్యొద్దు. మూడు, నంబరు లేని బెండు నీళ్ల మీద కనబడితే తాడు కోసి బెండు ఒడ్డుకు తేవాలె. దొంగ వేటగాళ్లు సొరచేపలకు గాలాలు ఏసి, గుర్తుకు బెండ్లు వదిలిపెట్టి పోతరు. సర్కారు బెండ్లకైతే నంబరు ఉంటది. అందుకు ఆ ఆర్డరు.

పందొమ్మిదో రోజు, 0715. సముద్రం నిమ్మళంగ ఉన్నది. దక్షిణం దిక్కు ఎప్పుడు పోయేటోళ్లం కాదు, ఆ రోజు పోయినం. బోటు డ్రైవర్ చెయ్యి చూపించిండు. నారింజ రంగు బెండు, పెద్ద గుమ్మడికాయంత. సగం నాచు, సగం పిట్టల రెట్ట. రెండు దిక్కుల చూసిన. నంబరు లేదు. కత్తి తీసి కోసిన. మంచి తాడు. నాలుగు నిమిషాలు పట్టింది. తెగినంక కింది ముక్క సర్రున లోపలికి పోయింది.

ఆపరేటర్ పైకి మెసేజ్ కొట్టిండు: "ఒక బెండు పట్టుకున్నం. ఓవర్."

"శాబాష్. ఓవర్."

నా సర్వీసు మొత్తంల రేడియో మీద నాకొచ్చిన శాబాష్ అదొక్కటే.

బెండును బంకర్‌ల పెట్టినం. చుట్టు ఓడల తెచ్చిన ఇసుక సంచులు ఏస్తే కూసోనీకి మంచిగుండె. రెండో రోజు నుంచి అది హవల్దార్ కుర్చీ అయింది. వేరేటోళ్లు కూసుంటే లేపేటోడు.

యాభై నాలుగో రోజు, 0930, రీసెర్చి ఓడ ఒక మేడంను దింపి పోయింది. నలభై ఏండ్లుంటయి. పొట్టి మనిషి, ఎండకు కమిలిన మొఖం, సామాను మాత్రం నాలుగు పెట్టెలు. లోతు సముద్రపు చప్పుళ్లు చదివే సైంటిస్టు. వైజాగ్‌ల చదువుకున్నదట, తెలుగు వచ్చు. మూడు రోజుల పని. మూడో రోజు 1400కు ఓడ తిరిగొస్తది.

ఛాయ్ తాగుదామని బంకర్‌లకు తోలుకొచ్చినం. ఆమె గడప దగ్గర్నే ఆగింది. హవల్దార్ కింద ఉన్న బెండును చూస్తున్నది.

"అది ఎక్కడిది?"

ఆమె కూసుంటనంటున్నది అనుకొని హవల్దార్ గబుక్కున లేసి, బెండును తువ్వాలతో తుడిచి ఆమె ముందల పెట్టిండు.

ఆమె కూసోలేదు. మోకాళ్ల మీద వంగి, తడిగుడ్డ అడిగి, రెట్ట మీద రుద్దింది. కింద నుంచి తెల్లరంగు అంకె బయటపడ్డది. ఏడు.

హవల్దార్ మంచోడు, నన్ను కాపాడాలనుకున్నడు. "పెద్ద గాలివాన వచ్చింది మేడం. సముద్రమే తెంపింది."

బెండుకు వేలాడే తాడు ముక్కను ఆమె చేతుల పట్టుకొని కొస చూసింది. "సముద్రం దగ్గర మంచి కత్తే ఉందే."

"నేనే కోసిన మేడం."

"నంబరు చూడలేదా?"

"పిట్టలు చూడనియ్యలేదు."

నవ్వు రావాల్సిన మాట. ఎవరికీ రాలేదు. నాకు గూడ.

అప్పుడు చెప్పింది. ఆ తాడు కింద చెవి లెక్క ఒక యంత్రం ఉన్నది. గుట్ట లోపలి గుడగుడలు, తిమింగలాల పిలుపులు, అన్నిటిని ఇనుకుంట రాసుకుంటది. పదకొండు నెలల నుంచి ఇంటున్నది. పిల్లలతోని తిమింగలాలు ఏ నెలల ఈ దీవి పక్క నుంచి పోతయో అందుల ఉన్నది. అది చూపిస్తే ఆ నెలలల్ల పెద్ద ఓడల తొవ్వ కొంచెం పక్కకు జరపమని అడగొచ్చు. చూపించకపోతే అడగనీకి ఏం లేదు. ఇంకోటి కొననీకి పైసలు లేవు, మళ్లొక ఏడాది ఓడ ఎవరూ ఇయ్యరు.

"నీళ్లల్ల మునిగి సామాను తీసేటోళ్లను పిలుద్దాం మేడం," అన్న. పిలిచినం. రేడియోల జవాబు: వచ్చేసరికి ఇరవై రోజులు.

"ఇరవై రోజుల్లో ప్రవాహం మారుతుంది. అది గుట్టకున్న చిన్న అరుగు మీద కూర్చుంది. అంచు దాటితే ఇక పాతాళమే."

పాతాళం అన్నంక నాకు పాతాళగరిగె యాదికొచ్చింది.

ఇప్పటి పిల్లలకు తెల్వదు. బాయిల బక్కెట్ పడితే తీసే గాలాల గుత్తి అది. మా గల్లికంత కలిపి మా అవ్వ దగ్గర ఒకటే ఉండె. కావాలంటె చెంబో గిన్నో మా ఇంట్ల కుదువ పెట్టి తీస్కపోవాలె, లేకపోతే అది తిరిగి రాదు. చాన మంది బక్కెట్లు నేనే తీసిన. తాడు చేతుల ఉంటె బురదేదో, రాయేదో, బక్కెట్ ఏదో తెలుస్తది. గాలం తట్టంగనే గుంజొద్దనేది అవ్వ. ఒక గాలాన్ని నమ్మొద్దు. జర వదిలి, సగం చుట్టు తిప్పి, రెండోది గూడ పట్టినంక గుంజాలె.

ఇదంత చెప్తె ఆపరేటర్ నోరు తెరిచిండు. "మీకు తాగడానికే నీళ్లు నేవు, సముద్రంలో బకెట్టు తీత్తావా?"

"నీళ్లు లేని ఊర్లనే బక్కెట్లు లోతుకు పడుతయి."

మేడం మాత్రం నవ్వలేదు. "ఎన్ని గాలాలు కావాలి?" అన్నది.

ఆరు. వంటాయన గుడారపు కడ్డీలు పొయ్యిల కాల్చి వంచిండు. ఆ పొద్దు పప్పు ఉడకలేదు. 1310కు బోటు ఎక్కినం. నేను, హవల్దార్, డ్రైవర్, మేడం. ఆమె దగ్గర ఒక పెట్టె. మీట నొక్కితే కింది యంత్రాన్ని పిలుస్తది. యంత్రం పలికితే పెట్టె మీద ఎర్ర అంకెలు పడుతయి, ఎంత దూరమని. పలికింది. ముప్పై ఎనిమిది మీటర్లు. ఆమె శ్వాస వదిలింది. నేను గూడ వదిలిన, తెల్వకుండనే.

"గాలాన్ని ఈడ్చొద్దు," అన్నది. "కింద పగడాలున్నాయి. నిలువుగా దింపండి, నిలువుగా తీయండి."

ఆమె బతుకు అంచు మీద ఉన్నది, పగడాల గురించి ఆలోచిస్తున్నది. హవల్దార్ నా దిక్కు చూసిండు. నేను తాడు దిక్కు చూసిన.

మొదటి రోజు చీకటయ్యేదాక దింపినం, తీసినం. ఏం పడలేదు. రెండో రోజు వాన, 0600 నుంచి 1700 దాక. పాత వల ముక్క ఒకటి పడ్డది, అందుల సచ్చిన తాబేలు పిల్ల. మేడం వల మొత్తం కోసి సంచిల ఏసింది. నా అరచేతులల్ల తోలు పోయింది. వీరగాథ అనుకునేరు, తాడు ఉప్పుది, నేను గ్లౌజులు మరిచిపోయిన, అంతే. అలిసిపోతే భాషలన్నీ ఒకటే, ఊ అంటరు.

మూడో రోజు, 1120. తాడు బరువైంది. రాయి గాదు. రాయి గాలాన్ని పట్టుకుంటది, వదలదు. ఇది జర వెనకకు జరిగింది, బక్కెట్ జరిగినట్టు.

"దొరికింది."

"గుంజు!" అన్నడు హవల్దార్.

"ఆగుండ్రి. ఒకటే గాలం పట్టింది. వదిలి తిప్పాలె." అని, తాడు వదలబోయి, చెయ్యి ఆగింది. "మేడం, అది అంచుకు ఎంత దూరం ఉంటది?"

"తెలియదు. రెండు మీటర్లు కావచ్చు. అంతకన్నా తక్కువ కావచ్చు."

"బాయికి అడుగుంటది మేడం. వదిలినా బక్కెట్ యాడికి పోదు. గీడ వదిలితే జారుతదేమో. వదలకుండ గుంజితే ఊడుతదేమో."

"మీ అవ్వైతే ఏం చేసేది?"

"మా అవ్వ బక్కెట్‌ను సముద్రంల పడగొట్టేది కాదు."

ఆమె మొఖంల నవ్వసొంటిది వచ్చి పోయింది. ఆ మూడు రోజులల్ల అదొక్కటే. తర్వాత నీళ్ల దిక్కు చూసింది. చాన సేపు చూసిందని రాస్తె బాగుంటది, కాని పది సెకండ్లు.

"లాగండి," అన్నది.

నేను, హవల్దార్ చేతులు మార్చుకుంట గుంజినం. మెల్లగ. ఒడ్డు మీదికెళ్లి ఆపరేటర్ రేడియోల: "ఓడ అగుపిత్తంది బావూ. ఎంతొచ్చింది? ఓవర్."

"ఇరవై. మాట్లాడకు. ఓవర్."

"సరే. ఓవర్."

"మాట్లాడకంటినా లేదా?"

పదిహేను మీటర్లు. కనబడ్డది. తెల్లటి గొట్టం, ఇనుప చట్రం, చట్రం అంచుకు మా గాలం. ఒక్కటే, కొసకు. డ్రైవర్ గెడ పట్టుకొని సిద్ధంగ ఉన్నడు. పది మీటర్లు. చిన్న అల ఒకటి బోటును లేపింది. పెద్దది గాదు. మా దిక్కు పిల్లలు గండిపేటల రాయి ఏస్తె అంతే లేస్తది. చట్రం అటు తిరిగింది. తాడు తేలికైంది.

టైము 1140. పెట్టె మీద అంకెలు పది, ఇరవై, ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది దగ్గర ఆగుతదేమో అని నలుగురం చూసినం. ఆగలేదు. యాభై. తొంబై. ఆమె మీట నొక్కుతనే ఉన్నది. నొక్కినప్పుడల్ల అది పలుకుతనే ఉన్నది. మూడు వందలు. ఆరు వందలు. తొమ్మిది వందలు. వెయ్యిన్నూట నలభై దగ్గర ఆగింది. మళ్ల నొక్కింది. వెయ్యిన్నూట నలభై.

"మేడం, బంద్ చెయ్యుండ్రి," అన్న.

"పలుకుతోంది కదా," అన్నది.

ఓడ 1400కు వచ్చింది, టైముకే. ఎక్కే ముందు ఆమె రిపోర్టు రాసింది, మాకు చదివి వినిపించింది. తాడు కోసింది పోస్టు సిబ్బంది, ఆర్డరు ప్రకారమే కోసిన్రు, నంబరును రెట్ట కప్పకుండ కాపాడుకోకపోవడం తన తప్పు అని. హవల్దార్ సెల్యూట్ కొట్టిండు. ఆమె సివిలియన్, సెల్యూట్ రూలుల లేదు. నేను క్షమించుమని అడగాలనుకున్న. నా నోట్లకెళ్లి వచ్చింది, "మేడం, మీ పెట్టె మూత సరిగ పడలేదు." ఆమె మూత ఏసుకొని పోయింది.

మూడో ఆర్డరు మార్చుమని పైకి రాసినం. కాయితం వెనక కాయితం, నెల పట్టింది. ఇప్పుడు గిట్ల ఉన్నది: బెండు కనబడితే ముందు కడుగుండ్రి, తర్వాత రేడియోల చెప్పుండ్రి, ఆ తర్వాతే కత్తి. దేశ రక్షణల నేను తెచ్చిన మార్పు అదొక్కటే. "ముందు కడుగుండ్రి" అన్న ముక్క నాదే.

తొంబై రోజులైనంక దిగిపోయినం. ఇంకో నాలుగేండ్ల సర్వీసు చేసిన. నా ఎడమ మోకాలు నాకంటె ముందల రిటైరైంది, దాని వెనక నేనొచ్చిన. మెహిదీపట్నంల చేవెళ్ల బస్సెక్కితే మొయినాబాద్ దాటేదాక తొవ్వకు రెండు దిక్కుల గోడలే. గోడల వెనక ఫాంహౌజులు. మా మేనబావ బెంగళూరుల కంపెనీల ఉన్నడు, ఫోన్ల అడిగిండు, "నీ పోస్టింగుల నెట్ స్పీడెంత?" అని. చేవెళ్ల బస్టాండు ముంగట ఛాయ్ హోటల్ల ఒక పెద్దమనిషి అడిగిండు, ఎంతమందిని కొట్టినవ్ బిడ్డ అని. "ఎవర్ని కొట్టలేదు బాపు, ఒక తాడు కోసిన," అన్న. హోటలంత నవ్విన్రు. నేను చెప్పిన తీరే అట్ల ఉన్నది, వాళ్ల తప్పేం లేదు.

వాళ్లకు చెప్పనిది ఒకటున్నది. అంకెలు పెరుగుతున్న ఆ పన్నెండు నిమిషాలు మేడం కుడిచేత్తోని మీట నొక్కుతున్నది. ఎడమచెయ్యి బోటు అంచు మీదికెళ్లి నీళ్లల్ల, మోచేతి దాక. గాలం ఊడినప్పుడు అందుకుందామని పెట్టినట్టున్నది. మళ్ల తీయలేదు. వేళ్లు తెరిచే ఉన్నయి. చేతికి గడియారం ఉన్నది, నీళ్లల్ల అది పెద్దగ కనబడ్డది. సెకండ్ల ముల్లు తిరుగుతనే ఉన్నది.