మద్దిచెట్టు ఎదుట నాకు దక్కని చోటు

పొద్దున్నే వాకిలి ఊడ్వడానికి పెరటి తలుపు తీస్తే చీపురు అందుకునేలోపే వాసన తగులుతుంది, మగ్గిన జామపండు తీపిలో తడిసిన తోలు కంపు కలిసిన వాసన. ఇనుప గనుల ఊరు బచేలిలో మా క్వార్టర్ వెనక ఒక జామచెట్టు ఉంది. చలికాలం వచ్చేసరికి కొమ్మకొమ్మకూ కాస్తుంది, గబ్బిలాలు వచ్చి పండ్లు నమిలి రసం పీల్చుకొని, పిప్పిని ఉండలు చేసి ఊసిపోతాయి. కొండ మీది నుంచి వచ్చి పడిన ఎర్రదుమ్ము మీద ఆ ఉండలు తెల్లగా కనిపిస్తాయి. పక్క క్వార్టర్ పార్వతిగారు శ్రీకాకుళం వైపు మనిషి, వాళ్లాయన రైల్వేలో పని, ఆమె ఏటా ఒకే మాట అంటుంది: "ఆ చెట్టు కొట్టించీయండమ్మా, గబ్బిలాలు ఇంటికి మంచివి కావు." నేను నవ్వి ఊరుకుంటాను. ఆ వాసనకు నాకు మా ఊరి మద్దిచెట్టు గుర్తుకొస్తుంది, మా మేనత్త గుర్తుకొస్తుంది, ఆమె వెనకే నా చెల్లెలు సమ్మక్క గుర్తుకొస్తుంది. ఇద్దరు పిల్లల తల్లినై ఉండి కూడా, చెల్లెలు గుర్తుకు రాగానే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

తెలుగు సరిహద్దు దాటిన అడవిలో, గొల్లపల్లికి ఇవతల వాగు ఒడ్డున మా ఊరు. మా ఇంట్లో తెలుగు, ఎదురింట్లో దోర్లి, బడిలో హిందీ, సంతలో మూడూ కలిపి మాట్లాడేవాళ్లం. వాగు మలుపులో ఉన్న తెల్లమద్ది నిండా పగలంతా పెద్ద గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూ, ఎండలు ముదిరాక రెక్కలతో తమకు తామే విసురుకుంటూ ఉండేవి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఊరంతా మత్తెక్కించే వాసన వేసేది, అమ్మ ఆ పువ్వును వేయించిన చింతగింజలతో కలిపి ఉడికించి ఆకు దొప్పలో పెట్టేది, నాయన సంత నుంచి ఎర్రచీమల పచ్చడి తెచ్చేవాడు, ముంజలు తిన్న తాటికాయలకు పుల్ల గుచ్చి మేము బండి తోలేవాళ్లం. ఆ తర్వాత ఇప్పకాయలు పండితే గబ్బిలాలు వాటిని మద్దిచెట్టుకు తెచ్చుకొని, కండ తినేసి గింజలు కింద పడేసేవి. ఊళ్లో ఆడవాళ్లు అడవంతా తిరిగి ఏరుకునే గింజలు అత్తకు ఆ చెట్టు కిందే దొరికేవి. దీపానికైనా, తలకైనా, కూరలోకైనా ఆ గింజల నూనే. అందుకే అత్త గబ్బిలాలను "మన కూలోళ్లు" అనేది.

వాటిని లెక్కపెట్టాలన్న ఆలోచన బడి గురూజీది. గబ్బిలాలు తగ్గిపోతున్నాయని ఆయనకు బెంగ. ఊళ్లో ఎవరూ ముందుకు రాకపోతే, మగదిక్కు లేక మా ఇంటి పక్కనే ఉంటున్న అత్త తాను చేస్తానంది. ఆదివారం పొద్దు గూకే వేళ చెట్టుకు ఎదురుగా బండ మీద కూర్చొని, పడమటి వెలుతురు మీద గబ్బిలాలు బయలుదేరుతుంటే ప్రతి పదికీ ఒక ఇప్పగింజ చొప్పున సొరకాయ బుర్రలో వేసేది. తెల్లారాక గురూజీ ఆ గింజలను లెక్కపెట్టి పుస్తకంలో రాసుకునేవాడు. ఊరంతా ఆ లెక్కను గిన్తీ అనేవాళ్లు. కొన్నాళ్లకు అత్తకు చూపు మసకబారి, పక్కన ఇంకో జత కళ్లు కావలసి వచ్చింది.

నాకప్పుడు పదేళ్లు, సమ్మక్కకు ఎనిమిది. పెద్దదాన్ని, వంద దాకా హిందీలో కూడా చెప్పగలను, కాబట్టి ఆ చోటు నాదేనని నేను నిశ్చయంగా ఉన్నాను. అత్త ఇద్దరినీ బండ మీద చెరో పక్క కూర్చోబెట్టుకొని లెక్క చెప్పమంది. చెల్లెలు తప్పు చెబుతుందేమోనని నేను దాని పెదవులనే చూస్తూ కూర్చున్నాను, గబ్బిలాలు నా నెత్తి మీదుగానే పోయాయి. "నీకు దాన్ని సూసుడే సరిపోయె బిడ్డా, ఇగ పైకెప్పుడు సూస్తవ్?" అంది అత్త. ఆ రోజు నుంచి నా పని ఇంటి దగ్గరి నుంచి జావ చెంబు మోసుకెళ్లడం. గిన్తీ అయ్యాక అత్త ఆ జావను మొదట చెల్లెలికే పోసేది, చలి వేస్తే తన కొంగు తీసి దానికే కప్పేది, సోమవారం పొద్దున దాని తలకే ముందు నూనె పెట్టేది. గచ్చకాయల ఆటలో నేను దాన్ని ఎన్నిసార్లు ఓడించినా ఏం లాభం, దానికి ఆ ఆట మీద ధ్యాసే పోయింది.

ఏటా వానల ముందు విత్తనాల పండుగకు మా నాయన, ఇంకొందరు కలిసి రెండు చెట్ల మధ్య పెద్ద వల కట్టి గబ్బిలాలను పట్టేవాళ్లు. అత్త తిట్టేది. "పండుగనాడు కూర లేకుంటె ఎట్ల అక్కా?" అని నాయన నవ్వేసేవాడు. ఆ ఏడు కూడా అటక మీది నుంచి వల దించి చిరుగులు కుట్టడం మొదలైంది. ఆ ఆదివారం అత్తకు జ్వరం. బండ మీద కళ్లు మూసుకొని కూర్చుంది, చెల్లెలు ఒక్కతే మొత్తం లెక్కపెట్టింది. బుర్ర దాదాపు నిండింది. "నా కన్ను నువ్వే బిడ్డా," అని అత్త దాని తల నిమరడం జావ చెంబుతో నిలబడి నేను చూశాను.

సోమవారం తెల్లవారుతుండగా వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లే నెపంతో అత్త ఇంట్లోకి వెళ్లి, గుంజకు వేలాడుతున్న బుర్రలోంచి రెండు గుప్పిళ్ల గింజలు తీసి, నూనెకు ఎండబోసిన కుప్పలో కలిపేశాను. ఇక గురూజీ చెల్లెలిని తిడతాడు, దానికి లెక్క రాదని తేలుతుంది, బండ మీద చోటు నాదవుతుంది. నా ఆలోచన అంతవరకే.

గురూజీ గింజలను రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఇత్నా కమ్?" అన్నాడు. ఇంత తక్కువా అని ఆయన మొహం వాడిపోయింది గానీ, చెల్లెలిని ఒక్క మాట అనలేదు. నేరుగా పెద్దమనుషుల దగ్గరికి వెళ్లాడు. సాయంత్రానికి ఊరంతా కూడింది, మద్దిచెట్టు దగ్గర ఇక వల కట్టకూడదని, పటాకులు కాల్చకూడదని కట్టడి చేశారు. నాయన వల చుట్టి అటక మీద పడేశాడు. ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకోని మనిషి, మరుసటి సంతలో చెల్లెలికి ఎర్ర రిబ్బన్లు కొని, ఎదురైనవాళ్లందరికీ చెప్పాడు: "నా బిడ్డ కండ్లు పెట్టి సూడకుంటె ఊరికి గబ్బిలమే లేకుండ పోతుండె." నేను పక్కనే ఉన్నాను. ఆ పుణ్యమంతా నాదేనని అరవాలనిపించింది. అరిస్తే దొంగనవుతాను. నాకిచ్చిన జిలేబి తిన్నాను.

తర్వాత అడవిలో తుపాకుల గొడవలకు ఊరు కొన్నేళ్లు చెదిరి మళ్లీ కూడింది. నాకు పెళ్లయి బచేలి వచ్చాను, అత్త పోయింది. చెల్లెలు మాత్రం ఆ బండను వదల్లేదు. ఇప్పుడు చెల్లెలి చేతికింద చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు గిన్తీ చేస్తారు, దానికి అటవీశాఖ వాళ్లిచ్చిన ఆకుపచ్చ టోపీ ఉంది, శాలువా కప్పిన ఫోటో ఉంది. ఆ ఫోటో నా ఫోనుకు ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు, బాగుందని బొటనవేలు గుర్తు పెట్టి పంపడానికి నాకు సగం రోజు పడుతుంది.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు గిన్తీకి నన్నూ తీసుకెళ్లింది. ఎదురుచూస్తూ బండ మీద కూర్చున్నాం. ఇన్నేళ్లు మోసిన మాట అక్కడే దించుకుందామనిపించి, గింజలు తీసింది నేనేనని చెప్పేశాను. అది ఏడుస్తుందనో, కోపం చేస్తుందనో అనుకున్నాను.

"ఎరుకే అక్కా," అంది చెట్టు మీది నుంచి చూపు తిప్పకుండా. "అత్తనే సూసింది నిన్ను."

"సూసి ఊకున్నదా?"

"ఎందుకు ఊకుంటది? తర్వాత రెండేండ్లు నాతోటి తీయించింది. లెక్క పెరిగిందంటె నాయిన మళ్ల వల దించుతడని. ఇద్దరం పొద్దుగాలనే లేసి తీసేటోళ్లం, మస్తు నవ్వుకునేటోళ్లం."

గబ్బిలాలు బయలుదేరాయి, చెల్లెలు లెక్కలో పడింది. దొంగతనం మొదలుపెట్టింది నేను. అత్త పక్కన పెట్టుకున్నది మాత్రం మళ్లీ దాన్నే.

ఇప్పుడు అక్కడ సొరబుర్ర లేదు. పిల్లలు చేతిలో పట్టే చిన్న మిషను నొక్కుతారు, అంకెలు వాటంతట అవే తిరుగుతాయి, అందులోంచి ఎవరూ గుప్పెడు తీయలేరు. విత్తనాల పండుగకు కోడికూర వండుతున్నారు. ఇప్పనూనె వాసన ఎవరి తలకూ లేదు. బచేలిలో పార్వతిగారు ఎన్నిసార్లు చెప్పినా నేను జామచెట్టు కొట్టించలేదు. సాయంత్రం వంట మొదలుపెట్టే ముందు పెరటి మెట్టు మీద కూర్చొని, దాని మీద వాలే గబ్బిలాలను లెక్కపెడతాను, తల పక్కకు తిప్పను. "మీ దిక్కు ఎన్నొస్తయి అక్కా, గిన్తీల రాసుకుంట," అని చెల్లెలు ఫోను చేసినప్పుడల్లా అడుగుతుంది. నేను చెప్పను.