గుట్ట మలుపులో మొరం తట్ట

దయ్యాల మాట వస్తే నవ్వేవాణ్ణి. నవ్వడమే కాదు, చెప్పినవాణ్ణి ఏడిపించి వదిలేవాణ్ణి. అలాంటి నేను ఇది చెబుతున్నానంటే మీరు నమ్ముతారని కాదు, లోపల దాచుకోలేక.

కట్టంగూర్ దాటాక మా గుట్ట కనిపిస్తుంది. పైన కూలిన కోట గోడలు, చుట్టూ బండలు. ఇదివరకు మేకలు కాసేవాళ్లు తప్ప ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. తెలంగాణ వచ్చాక పైదాకా రోడ్డు వేశారు. మక్తల్ వైపు కూలీలు గుంపుగా వచ్చి, కింద గుడిసెలు వేసుకుని, బండ పగలగొట్టి, ఎర్ర మొరం మట్టి తట్టలతో మోసి వేసిన రోడ్డు అది. నేను ట్రాక్టర్‌లో వాళ్లకు నీళ్లు తోలేవాణ్ణి. తట్టలు మోసే సుజాతను అక్కడే చూశాను, పెళ్లి చేసుకున్నాను.

ఇప్పుడు ఆదివారం వస్తే పట్నం వాళ్ల కార్లే కార్లు. గుట్ట ఎక్కుతారు, టెంట్లు వేస్తారు, తాడుకు వేలాడుతూ ఈ బండ నుంచి ఆ బండకు జారి కేకలు పెడతారు. నేను వాళ్లను జీపులో పైకి తీసుకెళ్తాను. పైన సుజాత మిర్చీ బజ్జీల బండి పెట్టింది.

ఆ ఆదివారం సుజాతకు ఎనిమిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. "ఇంట్ల పండుకోరాదే, బజ్జీలే ముఖ్యమా నీకు?" అని గొడవ పెట్టుకున్నాను. వింటే కదా!

"ఒక్కదాన్నే కూసుంటే ఇంకింత భయమైతాంది. నడువు" అంటూ జీపెక్కింది.

పెద్ద మలుపు దగ్గర ఆపమంది. దిగి రోడ్డు పక్కకు నడిచింది. మిట్టమధ్యాహ్నం, అక్కడ ఎవరూ లేరు. సుజాత చేతులు పైకెత్తి గాలిలో దేన్నో పట్టుకుంది. మెడ నరాలు ఉబ్బాయి, మోచేతులు వణికాయి. మెల్లగా వంగి దాన్ని నేల మీద పెట్టింది. తమాషా చేస్తోందనుకుని హారన్ కొట్టాను.

వచ్చి కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. "పాపం, గా అక్క గూడ కడుపుతోనే ఉన్నది. గసుంటి మనిషితోని మొరం మోపిస్తున్నరు, వాళ్ల చేతులు పడిపోను! జర తట్ట దించు చెల్లె అన్నది, దించిన."

రోడ్డు పని అయిపోయి ఏళ్లయింది. కానీ ఆమె అరచేతులకు ఎర్రటి మొరం దుమ్ము ఉంది. ఆమెను భయపెట్టడం ఎందుకని జీపు పైకి పోనిచ్చాను.

పొద్దు వాలుతుండగా పైన బజ్జీల బండి దగ్గర నొప్పులు మొదలయ్యాయి. జీపులో పడుకోబెట్టి దవాఖానకు బయలుదేరాను. ఈ బిడ్డ కూడా దక్కదేమోనని హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

పెద్ద మలుపు రాగానే సుజాత నా భుజం పట్టుకుంది. "ఆపు! గా అక్క నిలబడ్డది. తట్ట ఎత్తు అంటాంది."

"సచ్చిపోతవే, మాట్లాడకు!"

"దించినోళ్లే మళ్ల ఎత్తాలె. మా కూలోళ్ల తాన గంతే. ఎత్తకుంటే నన్ను పోనియ్యది. నీకు దండం పెడ్త, ఆపు."

ఆపాను. ఆమె దిగబోతుంటే వెనక్కి నెట్టి నేనే దిగాను. "ఏడుంది?" అని అరిచాను.

"నీ కాళ్ల కాడనే."

వంగి, ఏమీ లేని చోట చేతులు పెట్టాను. సిగ్గు, కోపం, ఏడుపు అన్నీ ఒకేసారి వచ్చాయి. వేళ్లకు ఇనుప అంచు తగిలింది. ఎండకు కాలినట్టు వేడిగా ఉంది.

ఎత్తాను. సిమెంటు బస్తాలు మోసినవాణ్ణి, బరువంటే నాకు తెలుసు. నడుము విరిగేంత బరువది. తల ఎత్తుకు లేపేసరికి, ఎవరో కింద తల పెట్టి అందుకున్నట్టు చేతులు ఖాళీ అయ్యాయి. వెనకాల సుజాత అరుపు ఆగిపోయింది. చూస్తే సోయి తప్పి పడి ఉంది.

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు. సుజాతకు ఆ మలుపు సంగతి ఏదీ గుర్తు లేదు. "ఏం తట్ట?" అని నన్నే అడిగింది.

సుజాత తల్లి కూడా ఆ కూలీల గుంపులో పనిచేసిన మనిషే. పాపను చూడటానికి వచ్చినప్పుడు, రోడ్డు పనిలో కడుపుతో ఉన్న మనిషి ఎవరైనా చనిపోయిందా అని అడిగాను. జరిగిందంతా చెప్పాను.

"ఎవ్వలు సావలేదు అల్లుడా. అందరం మంచిగనే ఇండ్లకు పోయినం" అంది. పాపను నా ఒళ్లో పెట్టి మళ్లీ నా వైపు చూసింది. "ఎత్తినవ్ సరే. ఎవల నెత్తిన వెట్టినవ్?"

నాకేం తెలుసు? అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఒళ్లో నిద్రపోతున్న బిడ్డ తల మీద మాత్రం, ఆ బరువు అక్కడుందేమోనని చెయ్యి పెట్టి చూసుకున్నాను.