హిల్కా లేచి బయటికి వెళ్ళిన సాయంత్రం

హిల్కా లాత్వాలాకు పని ఉండేది వేసవిలోనే. మిగతా ఏడాదంతా వేసవి కోసం యంత్రాలు బాగుచేసుకుంటూ, వాటితో పోట్లాడుతూ గడిపేది.

ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని మా వైపు వేసవిలో సూర్యుడు దిగీ దిగనట్టు దిగి మళ్ళీ లేస్తాడు. ఆ వెలుతురులో కుర్కినేవా చిత్తడి మీద ఆమె ట్రాక్టరు అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. చిత్తడి అనడమే గాని, కాలువలు తవ్వి నీళ్ళు లాగేశాక అది చూపు ఆనినంత మేర నల్లటి బల్లపరుపు. అక్కడిది పీట్ మట్టి. వేల ఏళ్ళుగా నాచు కుళ్ళి, అణిగి, నల్లబడిన మట్టి. ఎండితే కట్టెలా మండుతుంది. పైపొరను గోరంత మందాన గీకాలి, ఎండకూ గాలికీ ఆరనివ్వాలి, తిరగెయ్యాలి, వరుసగా పోగుచెయ్యాలి. ఈలోపు వాన పడిందా, మళ్ళీ మొదటికి. గాలి మరీ ఎక్కువైతే నిప్పు భయం, బండి ఆపెయ్యాలి. ఎండ కావాలి గాని మరీ కాదు, గాలి కావాలి గాని మరీ కాదు. “దేవుడికి నా అంత సణిగే మనిషి ఇంకొకత్తి ఉండదు” అనేది హిల్కా.

పోగుచేసిన మట్టి చలికాలమంతా లారీల్లో ఊరి వేడి కేంద్రానికి వెళ్ళేది. అక్కడ కాగిన నీళ్ళు భూమి కింద గొట్టాల్లో బడికి, వృద్ధుల ఇంటికి, మా మండలి కార్యాలయానికి వచ్చేవి. ఆ నీళ్ళతో గదిని వేడెక్కించే రేడియేటరు మీద చెయ్యి పెడితే మా ఆవిడ వేసవి చురుక్కుమంటుందని ఆమె భర్త వైనో అనేవాడు. నడుం దెబ్బతిని ఇంటిపట్టున ఉండే మనిషి. వంటా, రొట్టెలూ అతనివి. నూనె, గ్రీజు, బూతులు ఆమెవి.

ఆ కాలువలు తవ్వించింది హిల్కా నాన్న. కుర్కినేవా అంటే మా భాషలో కొంగల చిత్తడి. కాలువలు పడ్డాక కొంగలు పోయాయి, పేరు మిగిలింది. ఆయనకు కొడుకుల్లేరు. పదోతరగతి దాటని పిల్లను ట్రాక్టరెక్కించాడని ఊరు నవ్వింది. రెండు వేసవులు పోయాక నవ్వినవాళ్ళే తమ పొలం దున్నిపెట్టమని వచ్చారు. అప్పటినుంచి ఆమె ఇంకో పని చెయ్యలేదు. నేను చూసేనాటికి అరవైకి దగ్గర పడుతోంది. పింఛను రావడానికి ఇంకా నాలుగు వేసవులు ఉన్నాయి.

నేను మండలి కార్యాలయంలో అటెండరుని. సభ రోజు హాలు తెరవడం, కాఫీ కాచడం, సభ ముగిసేదాకా బయట నడవాలో కూర్చోవడం నా పని. హిల్కా ఆ సభలో చాలా ఏళ్ళుగా సభ్యురాలు. మాట్లాడింది తక్కువ. విరామంలో బయటికొచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుని కాఫీ ఊదుకుంటూ, లోపల అనాల్సినవన్నీ నాతో అనేది.

పీట్ పొగ వాతావరణానికి బొగ్గు కన్నా చేటని తేలాక దేశమంతా దాన్ని మానుకునే పనిలో పడింది. చుట్టుపక్కల ఊళ్ళలో వేడి కేంద్రాలు ఒక్కొక్కటే చెక్కపొట్టుకు మారాయి. రాజధాని నుంచి వచ్చినవాళ్ళందరి నోటా ఒకటే మాట, న్యాయమైన మార్పు. ఎవర్నీ దారిలో వదిలెయ్యబోమన్నారు. దానికోసం నిధి పెట్టారు, కోర్సులు పెట్టారు. మాటల్లో మోసం ఉందని నేను అనను. వచ్చిన అమ్మాయిలూ అబ్బాయిలూ మంచివాళ్ళే, కాఫీ కప్పులు కూడా వాళ్ళే కడిగి పెట్టేవారు.

హిల్కా వాళ్ళతో వాదించలేదు. మంచు ముందులా పడటం లేదనీ, వసంతం తొందరపడుతోందనీ అందరికన్నా ముందు చూసింది ఆమే. చిత్తడి మీద నేల గడ్డకట్టకపోతే లారీలు దిగబడతాయి మరి. పర్యాటకులకు చిత్తడి చూపించే కోర్సు ఒకటుంది, చేరతారా అని ఒకమ్మాయి అడిగింది. “చూపించడానికి ఏముందమ్మా, అంతా బల్లపరుపు. ఎటు తిరిగినా నేనే కనిపిస్తాను” అంది హిల్కా. ఆ పిల్ల నవ్వాలో కూడదో తెలియక రాసుకుంది.

విరామంలో నాతో మాత్రం వేరేగా అంది. “న్యాయం వాళ్ళదగ్గరే ఉంచుకోమను. నాకు నాలుగు వేసవులు చాలు. కొత్తది నేర్చుకోడానికి ముసలిదాన్ని, ఊరికే కూర్చోడానికి పడుచుదాన్ని. మధ్యలో ఇరుక్కున్నాను.”

కుర్కినేవా ఊరి ఆస్తి, ఆమెది కౌలు. కాబట్టి తేల్చాల్సింది మండలి. రెండు దారులున్నాయి. వచ్చే వసంతానికే పీట్ ఆపి, కాలువలు పూడ్చి, చిత్తడిని మళ్ళీ నీటికి వదిలెయ్యడం ఒకటి. హిల్కా కౌలు గడువు తీరేదాకా నాలుగు వేసవులు ఆగడం రెండోది.

మాకొక నియమం ఉంది. తన సొంత లాభనష్టాలు ముడిపడిన విషయం సభకు వస్తే ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్ళాలి. ఎవరూ అడగక్కర్లేదు, తనంతట తానే లేవాలి. లేవకపోతే ఊళ్ళో పరువుండదు. శరదృతువులో ఈ విషయం మొదటిసారి వచ్చినప్పుడు హిల్కా లేచింది. ఆమె పినతండ్రి కొడుకు ఆర్మాస్ తన ట్రాక్టరు ఆమెకు అద్దెకిస్తాడు గనక లేచాడు. పీట్ లారీ నడిపే అల్లుడున్న పెద్దాయన లేచాడు. అది చూసి, చెక్కపొట్టు అమ్ముకునే అడవుల ఆసాములు నీళ్ళు నమిలి, వాళ్ళూ లేచారు. సగం సభ నడవాలోకి వచ్చేసింది. కాఫీ చాలక నేను మళ్ళీ కాచాను. లోపల మిగిలిన పంటి డాక్టరూ ఇద్దరు టీచర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, తైస్తో అనే మా అధ్యక్షుడు సభ వాయిదా వేశాడు.

తర్వాత జిల్లా నుంచి న్యాయ సలహా వచ్చింది. ఊళ్ళో అందరికీ అన్నిటితో ఏదో ఒక చుట్టరికం ఉంటుంది, అలా లేస్తూ పోతే సభ నడవదు, కౌలుదారు ఒక్కరూ వెళ్తే చాలని. అంటే హిల్కా ఒక్కతే.

అలా వెళ్ళేవాళ్ళు ముందుగా కబురు పెడితే, వాళ్ళ కుర్చీలో ఎన్నికల జాబితాలో తర్వాత పేరున్న బదులు సభ్యుడు కూర్చుంటాడు. హిల్కాకు బదులు ఓనెర్వా. వృద్ధుల ఇంట్లో నర్సు, సెలవు దొరికితే మెడలో దుర్భిణీ వేసుకుని పక్షుల వెంట తిరిగే మనిషి. కొంగలు తిరిగి రావాలని ఆమె కోరిక, దాచుకున్నదీ లేదు. ఆర్మాస్ ముందే లెక్క వేశాడు. ఓనెర్వా వస్తే ఒక్క ఓటు తేడాతో హిల్కా ఓడుతుంది. రాకపోతే చెరిసగం. చెరిసగమైతే అధ్యక్షుడి ఓటు ఎటుంటే అటే చెల్లుతుంది, ఆయన హిల్కాతో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు.

సభ జనవరిలో పడింది. ఊపిరి కనుబొమ్మల మీద గడ్డకట్టే చలి. మూడింటికే చీకటి. కాఫీ విరామంలో సభ్యులంతా నడవాలో ఉండగా హిల్కా ఫోను మోగింది.

ఆమె పక్కకు తిరిగి విన్నది. చివరికి “ఇంట్లోనే ఉండు” అని పెట్టేసింది. ఓనెర్వా ఫోను. మధ్యాహ్నం బండికి ఇంజను వెచ్చగా ఉంచే కరెంటు తీగ తగిలించడం మరిచిపోయిందట, ఇంజను గడ్డకట్టింది. ఊళ్ళో ఉన్న ఒక్క టాక్సీ ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సభకు తన బదులు రావాలని ముందురోజు చెప్పింది హిల్కానే గనక ఆమెకే చేసింది.

ఆర్మాస్ మొహం వెలిగింది. హిల్కా తాళంచెవులు తియ్యడం చూసి ఆరిపోయింది.

“ఎక్కడికక్కా?”

“దాని బండి చచ్చిందట.”

“చావనీ. నువ్వెళ్ళి నీ మీద నువ్వే ఓటు వేయించుకుంటావా? పొద్దున వెళ్ళి బాగుచేసిపెడదాం, నేనూ వస్తాను.”

హిల్కా టోపీ చెవుల మీదికి లాక్కుంది. “ఆ పిల్ల ఊరి చివర ఒంటిగా ఉంటుంది. ఇంత చలిలో బండి ఆగిందని ఫోను చేస్తే రానని నువ్వెప్పుడైనా అన్నావా?”

మా ఊళ్ళో ఎవరూ అనరు. తాగుబోతు పిలిచినా, తగువున్నవాడు పిలిచినా, ముందు వెళ్ళి తర్వాత తిడతాం. ఎందుకు పిలిచావని అడగడం కూడా ఉండదు. ఇంట్లో కూర్చున్నదానికి ప్రమాదమేముందని ఆర్మాస్ అనొచ్చు, నిజమే. అనలేదు. అతనికీ ఆ అలవాటు ఎముకల్లో ఉంది.

“మరి నీ నాలుగు వేసవులు?” అన్నాడు చివరికి.

“నువ్వు లోపలికెళ్ళి కూర్చో” అంది, తలుపు తోసుకుంటూ.

అయినా ఆమెను గెలిపించే దారి మూసుకుపోలేదు. పీట్ విషయానికి ముందు మంచు తోసే బండి విషయం ఒకటే మిగిలింది. దాన్ని గబుక్కున తేల్చేస్తే హిల్కా తిరిగొచ్చేసరికి ఓటు అయిపోతుంది. ప్రతిసారీ తన వీధికి మంచు బండి ఆలస్యంగా వస్తోందని గంటసేపు నిలదీసే ఆర్మాస్ ఆ రోజు నోరు మెదపలేదు. ఇంకెవరూ మెదపలేదు. విషయం ముగిసిందని కొట్టే చెక్క సుత్తిని తైస్తో ఎత్తాడు. ఎత్తినవాడు, ఒక్క మాట అని, చర్చి దారి కన్నా ముందు చెరువు దారి తోయడం ఎంత తెలివితక్కువో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ఇల్లు చర్చి దారిలో ఉంది. ఆయనకు జవాబు చెప్పడానికి ఒక టీచరు లేచింది, ఆమెది చెరువు దారి. తలుపు సందులోంచి నేను ఆర్మాస్‌ను చూశాను. రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు.

దారిలో వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఓనెర్వా తర్వాత నాకు చెప్పింది. తను ఎవరిని పిలుస్తోందో, ఏ ఓటు వెయ్యబోతోందో ఫోను చేసినప్పుడు తట్టలేదట, వ్యాను ఎక్కి కూర్చున్నాక తట్టింది.

“నేను కాలువలు పూడ్చమనే ఓటేస్తానక్కా. నీకు తెలుసుగా?”

“తెలుసు. బెల్టు పెట్టుకో.”

ఊరి దీపాలు కనిపించాక హిల్కా ఒక్కటే అడిగింది, కొంగలు ఒకసారి పోయిన చోటికి మళ్ళీ వస్తాయా అని. వచ్చిన చోట్లున్నాయి, రాని చోట్లూ ఉన్నాయి అని చెప్పిందట ఓనెర్వా. అబద్ధం చెప్పాలనిపించింది గాని చెప్పలేకపోయిందట.

ఇద్దరూ నడవాలోకి వచ్చేసరికి లోపల ఇంకా మంచు బండే నడుస్తోంది. తలుపు తెరుచుకోగానే తైస్తో ఓనెర్వాను చూసి సగం మాటలో ఆగాడు. గడియారం వైపు చూశాడు. తర్వాత సుత్తి కొట్టాడు. హిల్కా లోపలికి ఒక్క అడుగు వేసి, “అధ్యక్షా, తర్వాతి విషయంలో నాకు సొంత సంగతి ఉంది” అని చెప్పి, వచ్చిన అడుగే వెనక్కి వేసింది. నియమం ప్రకారం చెప్పాలి, చెప్పింది.

నా పక్కన కూర్చుని చేతి తొడుగులు తీసి రేడియేటరు మీద పెట్టింది. లోపలి మాటలు గోడలోంచి గొణుగుడుగా వినిపించాయి. కుర్కినేవా పేరు వినబడినప్పుడల్లా ఆమె బొటనవేలు కదిలింది. ఆ చిత్తడి గురించి మాట్లాడుతున్న ఆ గదిలో దాని మీద ఒక రోజంతా గడిపిన మనిషి ఓనెర్వా తప్ప ఇంకొకరు లేరు, ఆమె గడిపింది కొంగల కోసం. కాఫీ పొయ్యనా అని అడిగాను. వద్దంది. ఆమె కాఫీ వద్దనడం నేను అదే చూడటం.

ఓటు ఆర్మాస్ లెక్క ప్రకారమే పడింది.

బయటికి వచ్చినవాళ్ళు ఆమె వైపు చూడకుండా కోట్లు వెతుక్కున్నారు. ఎవరికీ కోటు దొరకలేదు, అన్నీ ఎదురుగానే ఉన్నాయి. తైస్తో వచ్చి ఎదురుగా నిలబడి, “ఆ దిక్కుమాలిన చెరువు దారి” అన్నాడు.

“ఎప్పుడూ ఇంతే నువ్వు. బళ్ళో కూడా గంట కొట్టాక చెయ్యెత్తేవాడివి” అంది హిల్కా.

ఆయన వెళ్ళిపోయాడు. అందరూ వెళ్ళారు. హిల్కా కదల్లేదు. హాలు దీపాలు ఆర్పుతూ, ఇంకా ఎందుకు కూర్చున్నావని అడిగాను.

“దాన్నెవరు దింపుతారు?” అంది.

ఓనెర్వా అందరికన్నా వెనక, గోడ పక్కనుంచి వచ్చింది. నడిచి వెళ్తానంది. ఆ చలిలో, ఊరి చివరికి. హిల్కా తలుపు తెరిచి పట్టుకుంది. వ్యాను వెనక దీపాలు మలుపు తిరిగేదాకా చూసి తాళం వేశాను.

వసంతంలో పీట్ ఆగింది. నిధి నుంచి పరిహారం రావాలంటే పీట్ యంత్రాలు మళ్ళీ ఎవరికీ పనికిరాకుండా ముక్కలుగా కోయించాలి. కోయించింది. కోస్తున్నప్పుడు వైనో వెళ్ళి చూశాడు, ఆమె వెళ్ళలేదు. వెడల్పాటి పట్టాల మీద నడిచే తవ్వే యంత్రం మాత్రం మిగిలింది. చిత్తడి మీద దిగబడని తవ్వే యంత్రం ఊళ్ళో అదొక్కటే. కాలువలు పూడ్చే పని ఆమెకే ఇచ్చారు, కొత్త ఉద్యోగం దొరికిందని జిల్లావాళ్ళు సంతోషించారు కూడా. నాన్న తవ్వించిన కాలువలు ఒక్కొక్కటే కూతురు పూడ్చింది. ఒకే వేసవి పని అది. పూర్తయ్యాక మళ్ళీ ఏ పనీ లేదు. పూడ్చినచోట నీళ్ళు నిలిచాయి. కొంగలు పైనుంచి వెళ్ళాయి గాని ఇంతవరకు దిగలేదు. ఓనెర్వా ఆదివారాలు దుర్భిణీతో వెళ్తుంది, హిల్కా ఒకటి రెండు సార్లు ఆమెతో వెళ్ళిందని విన్నాను. ఎందుకని అడగలేదు.

ఇక మీదట గట్టి చలి పడితే ఫోను ఆపి పడుకుంటానని హిల్కా ఆర్మాస్‌తో అన్నదట. అతను అందరికీ చెప్పుకున్నాడు. మొన్న ఫిబ్రవరిలో చర్చి దారిలో నా బండి మొరాయించింది. చలికి వేళ్ళు పనిచెయ్యక, ఫోనులో ముందు కనిపించిన పేరు నొక్కాను. రెండో మోతకే ఎత్తింది. ఎక్కడున్నావని మాత్రం అడిగింది.